మాడు వాసన

ఆ పెట్టె మా ఇంటికి వచ్చి ఎనిమిది రోజులైంది. ఎనిమిది రోజుల్లో ఒక్క పూట కూడా అది నా మాట వినలేదు.

మైక్రోవేవ్ అంటారు దాన్ని. నా కోడలు కృత్తిక గాంధీపురంలో కొని ఆటోలో తెచ్చింది. వంటింటి బండ మీద గ్యాసు పొయ్యి పక్కనే పెట్టింది. పెట్టి, సిలిండరు తల మీది రెగ్యులేటరు ఊడదీసి తన సంచిలో వేసుకొంది. ఆ రోజునుంచి పొద్దున ఎనిమిదిన్నరకి ఆమె పీలమేడులో ఆఫీసుకి పోతే, టిఫిన్ డబ్బాతోపాటు రెగ్యులేటరు కూడా ఆఫీసుకి పోతుంది. సాయంత్రం ఏడింటికి తిరిగి వస్తుంది. నా కొడుకు మణికంఠన్ లారీ మీద ఉంటాడు. వారంలో నాలుగు రోజులు ఇంటికి రాడు. పగలంతా ఇంట్లో ఉండేది నేను, నా భార్య పాపమ్మాళ్, వెలగని పొయ్యి, ఈ పెట్టె.

పోయిన నెల ఒక మధ్యాహ్నం చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నేను మూడడుగుల దూరంలో పీట మీద కూచుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. ఆ రోజు కృత్తికకు అర పూటే ఆఫీసు. గుమ్మంలో కాలు పెడుతూనే అరిచింది.

"మామా! గ్యాసు! ఇంత వాసన వస్తా ఉంటే అట్లే కూచోనుండారే!"

ఉల్లిపాయ చేతిలో పట్టుకొని ఆమె వైపు చూశాను. ఆమె పరుగెత్తి వచ్చి మూసింది, కిటికీలు తెరిచింది. మరునాడు మణికంఠన్‌తో ఫోనులో అంటుంటే విన్నాను. "మామకు మతి తప్పుతా ఉండాది. పొయ్యి ఎదురుగానే ఉండి మరిచిపోయినారు."

నా మతి బాగానే ఉంది. పోయింది ముక్కు. తుడియలూరు ఫౌండ్రీలో ముప్పయ్యొక్క ఏళ్ళు కొలిమి దగ్గర పని చేశాను. ఆ పొగ నా ముక్కును కొంచెం కొంచెంగా తినేసింది. మొదట్లో జలుబు అనుకొన్నాను. తర్వాత ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఇప్పుడు చెబుదామంటే ఇంకొక చిక్కు. మతి లేదనుకొన్నవాడికి ఒక రోజు కాకపోయినా ఒక రోజు నమ్మి పొయ్యి ఇస్తారు. ముక్కు లేదని తెలిస్తే జన్మకీ ఇవ్వరు.

పాపమ్మాళ్‌కి చక్కెర జబ్బు. మూడు పూటలా తినేముందు కడుపు మీద సూది వేసుకొంటుంది. మోకాళ్ళు పట్టుకుపోయి మంచం దిగలేదు కాని సూది మాత్రం తానే వేసుకొంటుంది. వేసుకొన్న అర గంటలో తినాలి. తినకపోతే చక్కెర కిందికి దిగిపోయి మనిషి పడిపోతుందని డాక్టరమ్మ నాకు రెండు సార్లు చెప్పింది. మధ్యాహ్నం పూట పెట్టడం నా పని.

కృత్తిక పొద్దునే రాగి సంగటి కెలికి రెండు ముద్దలు డబ్బాలో పెట్టి పోతుంది. ఒకటి పాపమ్మాళ్‌కి, ఒకటి నాకు. మధ్యాహ్నానికి ఆ ముద్దలు నది రాళ్ళలాగా అవుతాయి. వాటిని వేడి చెయ్యడానికే ఈ పెట్టె. దాని మీద బటన్లన్నీ ఇంగ్లీషు. కృత్తిక తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఒక బటన్ మీద అంటించింది.

"ఇది ఒక్కటే నొక్కండి మామా. ఒక నొక్కుకు అర నిమిషం. ఈ ప్లాస్టిక్ గిన్నెలోనే పెట్టండి. ఎవర్సిల్వర్, అదే స్టీలు గిన్నె, మాత్రం లోపల పెట్టొద్దండి."

ఊఁ అన్నాను.

మొదటి రోజు రెండు సార్లు నొక్కాను. ముద్దకు తెలియనే లేదు. రెండో రోజు ఎనిమిది సార్లు నొక్కాను. అంచులు కట్టెలాగా బిగుసుకొన్నాయి, నడుమ వేలు పెడితే చల్లగా ఉంది. మూడో రోజు నీళ్ళు చల్లి పెట్టాను. లోపల టప్పుమని పేలి, పెట్టె గోడలన్నిటికీ సంగటి పూసింది. గోడలు తుడవడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ మంచం మీదినుంచి పాపమ్మాళ్ నోరు ఆగలేదు.

"ఇనుము కరగబోసినవాడు ఒక ముద్ద కాచలేకపోతా ఉండాడు. ఊరికి చెబితే నవ్వుతారు."

నాలుగో రోజు ఆమె ఒక ముక్క నోట్లో వేసుకొని గిన్నె నెట్టేసింది.

"పైన చిత్తిర ఎండ, నడుమ మార్గళి చలి. ఇది కూడా ఒక కూడా? నిప్పు చూడనిది నేను తినను పో."

బతిమాలితే సగం తినింది. నిన్న అదీ లేదు. "ప్లాస్టిక్ కంపు కొడతా ఉండాది, నువ్వే వాసన చూడు" అని గిన్నె నా ముఖం దగ్గర పెట్టింది. నేను ముఖం పక్కకు తిప్పుకొన్నాను. చివరికి డబ్బాలో మిగిలిన నాలుగు బిస్కెట్లు తినింది. సాయంత్రం వరకు ఆమె చేతులు వణుకుతుంటే చూస్తూ కూచున్నాను.

ఈ రోజు ఎట్లాగైనా వేడిగా తినిపించాలనుకొన్నాను. పెట్టె ముందు పీట వేసుకొని కూచుని ఆలోచించాను. ఫౌండ్రీలో మొదట బొగ్గు కొలిమి ఉండేది. తర్వాత కరెంటు కొలిమి వచ్చింది. దానికి మంట లేదు. చుట్టూ రాగి గొట్టం, అందులో కరెంటు. కరెంటు పారగానే నడుమ ఉన్న ఇనుము తనంతట తాను ఎర్రబడి నీళ్ళవుతుంది. ఇనుము బదులు ఇసక వేస్తే ఆ కరెంటు దాన్ని పట్టించుకోదు. ఈ పెట్టెకూ మంట లేదు, ఇదీ కరెంటే. ప్లాస్టిక్ గిన్నెలో పెడితే ఎక్కడ కాగుతుంది? లోహం ఉంటే గదా వేడి పట్టేది. కృత్తిక వద్దన్నది నా చెయ్యి కాలుతుందని అయి ఉంటుంది. కొలిమి ముందు నిలబడ్డ చేతికి గిన్నె వేడి ఒక లెక్కా?

అరమర తెరిచాను. మా ఇంట్లో గిన్నెలన్నీ ఎవర్సిల్వరే. పాపమ్మాళ్ పెళ్ళికి వచ్చిన చిన్న గిన్నె తీశాను. దాని అంచు మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. ఆమె ముద్ద అందులో పెట్టి, చెంచాడు నీళ్ళు పోశాను.

"పన్నెండున్నర అయ్యింది. సూది వేసుకొంటా ఉండా" అని పాపమ్మాళ్ కేక వేసింది. "లోపల పెట్టినావా?"

"ఊఁ."

"వేసుకొన్నా. ఇంక తేవాల."

తలుపు మూసి బొట్టుబిళ్ళ ఆరు సార్లు నొక్కాను. పెట్టె మూలిగింది. పళ్ళెం తిరిగింది. ఒకటి, రెండు, మూడు లెక్క పెట్టానో లేదో, గిన్నె అంచు మీద ఆమె పేరు దగ్గర నీలం మెరుపు లేచింది. తడి ఇసక మీద కరిగిన ఇనుము పడ్డట్టు చిటపట మంది. చెయ్యి చాచి తలుపు లాగేలోపలే టప్పుమని చప్పుడై, పెట్టెలో దీపం ఆరింది. మంచం మీది ఫ్యాను కూడా ఆగింది. మీటరు దగ్గర స్విచ్చు పడిపోయింది.

సన్నగా పొగ వచ్చింది. నేను నిలబడి చూస్తున్నాను.

"ఏమయ్యా! మాడు వాసన వస్తా ఉండాది!"

"లేదు."

"లేదా? ఇల్లంతా కంపు కొడతా ఉంటే లేదంటావా? ఇట్లా రా."

పోయి మంచం దగ్గర నిలబడ్డాను. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను గోడ వైపు చూశాను. కొప్పులోంచి మరువం రెమ్మ లాగి నా ముక్కు కింద పెట్టింది.

"కళ్ళు మూసుకో. ఇది ఏమి?"

"ఆకు."

ఆమె చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

"ఎన్నేళ్ళుగా?"

"ఫౌండ్రీ వదిలిన ఏడాదినుంచి."

"పదకొండేళ్ళా! పదకొండేళ్ళుగా నా చారు వాసన చూసి బాగుండాది అంటివే!"

"ఊఁ అన్నాను. బాగుంది అనలేదు."

"ఆ గ్యాసు రోజు?"

నేను తల ఊపాను. ఆమె పావు గంటసేపు నన్ను తిట్టి, ఉన్నట్టుండి ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను లేక అనుకొన్నాను. కాని చెంగుతో తుడుచుకోబోతే చెంగు చేతిలో నిలవలేదు.

"ఏమో అయ్యా, కండ్లు మసకగా ఉండాయి. తినేకి ఏమన్నా ఇయ్యి."

గోడ గడియారం చూశాను. ఒంటి గంటకు అయిదు నిమిషాలు. పక్కింటి ముత్తమ్మాళ్‌కి గ్యాసు ఉంది, కాని ఆమె బడిలో వంటకు పోయింది, నాలుగు దాటితే గాని రాదు. చక్కెర డబ్బా తెచ్చి రెండు చెంచాలు ఆమె నోట్లో వేశాను. చక్కెర కాసేపే కాపాడుతుంది, వెంటనే కడుపులో కూడు పడాలి, అదీ డాక్టరమ్మ మాటే. పెట్టెలో ముద్దకు ఒక పక్క నల్లగా మసి అంటింది. నా ముద్ద డబ్బాలో రాయిలాగా ఉంది. దాన్ని బండకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు కుండలో చల్ల కనబడింది.

గిన్నెలో చల్ల పోసి, ఆ రాయిని అందులో వేసి పిసికాను. ముప్పయ్యొక్క ఏళ్ళు ఫౌండ్రీ గేటు దగ్గర నాకు మధ్యాహ్నం అందినది ఇదే. నిన్నటి సంగటి, చల్ల, ఉప్పు, రెండు చిన్న ఉల్లిపాయలు. తూక్కుచట్టిలో, అదే పిడి ఉన్న డబ్బాలో, పాపమ్మాళే తెచ్చేది. నిప్పు అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. వేళ్ళ మధ్య ముద్ద చిన్న చిన్నగా కరిగింది. ఉప్పు వేసి, ఆమె తల ఎత్తి పట్టుకొని, గిన్నె నోటికి ఆనించాను.

సగం తాగింది. ఆగి, మిగతాది తాగింది. ఇంకొక గిన్నె అడిగింది. పావు గంటకు చెమట ఆరింది. చేతులు నిలిచాయి. ఉల్లిపాయ కొరుకుతూ, "ఉప్పు జాస్తి" అంది. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటు కోపమూ వచ్చింది.

"ఇది ఇంత ఇష్టంగా తాగుతావు కదా! ఎనిమిది రోజులుగా వేడి వేడి అని నా ప్రాణం ఎందుకు తీసినావు?"

నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఆమె ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"నీకు మతి పోలేదని నాకు తెలుసు" అంది. "ఆ పిల్ల నమ్మలా. నేను కూడు వద్దు వద్దు అంటా ఉంటే విసిగిపోయి ఆ రెగ్యులేటరు నీ చేతికి ఇచ్చేస్తాదని చూసినా. ఊరికే కాదు, నీకోసమే పస్తు ఉంటిని. ఇప్పుడు ఏ మొగంతో అడిగేది? నీకు పొయ్యి ఇస్తే ఇద్దరమూ పోతాము."

నేను లేచాను. వంటింట్లోకి పోయి పెట్టెను అరచేత్తో ఒకటి కొట్టాను. నా చెయ్యే నొప్పి పుట్టింది.

ఏడింటికి కృత్తిక వచ్చింది. చీకట్లో ఉన్న ఇల్లు చూసి, మళ్ళీ మెరుపు లేస్తుందేమోనని నేను ముట్టని స్విచ్చు పైకి ఎత్తింది. ఫ్యాను తిరిగింది. పెట్టె కూడా కుయ్యిమంది, చావలేదు. తలుపు తెరిచి లోపల కందిపప్పంత నల్ల మచ్చ చూసింది. పక్కన మసి గిన్నె చూసింది.

"ఎన్న మామా ఇది! ఎవర్సిల్వర్ పెట్టొద్దంటినే! మళ్ళా మరిచిపోయినారా?"

ఊఁ అంటే అక్కడితో అయిపోతుంది. మంచం మీద పాపమ్మాళ్ నోరు మూసుకొని నన్నే చూస్తోంది. నోరు మూసుకొన్న పాపమ్మాళ్‌ని నేను ఎప్పుడూ చూడలేదు.

"మరిచిపోలేదు" అన్నాను. "కరెంటు కొలిమిలో కాగేది లోహమే. ఇదీ అట్లాంటిదే అనుకొన్నాను. తప్పు నాదే. గ్యాసు రోజు కూడా నేను మరిచిపోలేదు. నాకు వాసన తెలీదు."

కృత్తిక సంచి భుజానే ఉండగా కింద కూచుంది.

"ఏమీ తెలీదా మామా? పూలు? కాఫీ?"

"ఏమీ తెలీదు."

"ఒక మాట చెప్పి ఉండకూడదా! మీ కొడుకుతో నేను ఏమేమో చెప్పినానే..."

"విన్నాను."

ఆమె తల దించుకొంది. సంచిలో చెయ్యి పెట్టి రెగ్యులేటరు బయటికి తీసింది. చేతిలో అటూ ఇటూ తిప్పింది. నా వైపు చూసింది.

"లోపల పెట్టమ్మా" అన్నాను.

మళ్ళీ సంచిలో వేసుకొంది.

మరునాడు పొద్దున కృత్తిక ముత్తమ్మాళ్ ఇంటినుంచి ఒక గాజు గిన్నె అడిగి తెచ్చి, పెట్టె మీద పెట్టి పోయింది. "రెండు సార్లు నొక్కి, తీసి, కెలికి, మళ్ళా రెండు సార్లు నొక్కండి మామా" అని చెప్పింది. పన్నెండున్నరకు నేను అట్లాగే చేశాను. నొక్కాను, తీశాను, కెలికాను, నొక్కాను. వేళ్ళు కాలాయి. పెట్టె మూడు సార్లు కూసింది. నడుమ వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.

"ఏమయ్యా, కూసిందే! వేడి అయ్యిందా?" అని పాపమ్మాళ్ అడిగింది. "సూది వేసుకొనేనా?"

"లేదు" అన్నాను. "ఉండు."

చల్ల కుండ దించాను.