తారీఖు కార్డు

రాజమండ్రి దానవాయిపేటలో, ఒక మందుల షాపు పై అంతస్తులో ఉంది హరిబాబుగారి కంపెనీ. బట్టల కొట్లకీ, నర్సరీలకీ, ఆసుపత్రులకీ మొబైల్ యాప్‌లు చేసిపెడతారు. క్రిస్టినా అక్కడ చేరిన కొత్తలో ప్రతి యాప్‌నీ మొదటి నుంచి కట్టేవాళ్లు. కడియం నర్సరీ కోసం రాసిన బటన్‌నే తణుకు బట్టల కొట్టు కోసం మళ్లీ కొత్తగా రాసేవాళ్లు. ఒక చోట తప్పు దొరికితే మిగతా అన్నిచోట్లా వెతుక్కుంటూ దిద్దుకోవాలి.

ఆ పద్ధతిని క్రిస్టినాయే పట్టుబట్టి మార్చింది. బటన్, పేరు రాసే పెట్టె, ఫొటో, తారీఖు చూపించే కార్డు, ఇలా అన్నిటినీ విడివిడి ముక్కలుగా ఒక్కసారే చేసిపెట్టింది. కాంపోనెంట్లు అంటారు వాటిని. ఏ యాప్ వచ్చినా ఆ ముక్కలు తెచ్చి స్క్రీన్ మీద పేర్చుకోవడమే. ఒకటి నచ్చకపోతే దాన్ని తీసి, అదే అమరికకు సరిపడే ఇంకోటి పెట్టుకోవచ్చు, పక్కవాటిని ముట్టుకోనక్కర్లేదు. నెలల పని వారాల్లోకి వచ్చింది. ఆఫీసుకి ఎవరొచ్చినా, "మా క్రిస్టినా వచ్చాకేనండి మాకు ఊపిరాడింది" అని హరిబాబుగారు ఆమెను చూపించి చెప్పేవారు.

పాత యాప్‌లను ఒక్కొక్కటిగా మారుస్తూ, ఆ వేసవిలో ఒక కంటి ఆసుపత్రి యాప్ దగ్గరికొచ్చారు. దాన్ని మొదట చేసినవాడు కిరణ్ కుమార్. క్రిస్టినాతో పాటే కాలేజీలో చదివి, ఆమెతో పాటే ఇక్కడ చేరాడు. నెమ్మదైన మనిషి. ఆ యాప్ చేసేటప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, పెద్దవాళ్లు ఫోన్‌ని కళ్లకి ఎంత దగ్గరగా పెట్టుకుంటున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో చూసొచ్చాడు. అందుకే అతని కార్డు మీద "మంగళవారం, జూలై ఎనిమిది, ఉదయం పది గంటలకు" అని లావుపాటి తెలుగు అక్షరాల్లో వచ్చేది.

"ఈ ఒక్కటీ ఉంచెయ్ క్రిస్టినా," అన్నాడు కిరణ్. "మన కామన్ కార్డు ఫోన్ సెట్టింగ్‌ని బట్టి తారీఖు చూపిస్తుంది. చాలామంది ఫోన్లలో అమెరికా ఇంగ్లీషే ఉంటుంది. నెల ముందొచ్చి, రోజు తర్వాతొస్తుంది. తికమక పడతారు."

"ఒక్కదాన్ని వదిలేస్తే రేపు ఇంకోటి వదలమంటారు. ఇక ఇదంతా చేసి ఏం లాభం? ముందు పెట్టేద్దాం. ఎవరైనా ఇబ్బంది అంటే నీ కార్డు తెచ్చి అక్కడ పెట్టడం ఎంతసేపు?"

"ఇబ్బంది పడ్డవాళ్లు మనకి ఫోన్ చేసి చెబుతారా?"

క్రిస్టినా ఆ మాట పట్టించుకోకుండా హరిబాబుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమె మాటే నిలబెట్టారు. కిరణ్ తన కార్డు తీసేశాడు. క్రిస్టినా తన ఫోన్‌లో చూసుకుంది. అందులో సెట్టింగ్ ఇండియాదే కాబట్టి తారీఖు సరిగ్గానే పడింది. అంతటితో తృప్తి పడింది.

క్రిస్టినాకి చిన్నప్పుడే తల్లి పోతే పెంచింది పెద్దమ్మ దీనమ్మ. కొవ్వూరులో తాలూకాఫీసు గుమాస్తాగా చేసి రిటైరై, అక్కడే ఒక్కతే ఉంటోంది. జూన్ నెలలో కళ్లు మసకబారుతున్నాయంటే క్రిస్టినా ఆ ఆసుపత్రికే తీసుకెళ్లింది. కంట్లో ప్రెషర్ ఎక్కువగా ఉందన్నారు. చుక్కల మందు రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో ఫోన్‌కి వస్తుందన్నారు. అక్కడే వరండాలో క్రిస్టినా పెద్దమ్మ ఫోన్‌లో యాప్ పెట్టింది.

"ఇది మేం చేసిందే పెద్దమ్మా. తారీఖు వేశాక దీని మీద పడుతుంది. ఈ కార్డు నాది."

"ఎంత ముచ్చటగా ఉందే!" అని దీనమ్మ పక్క బెంచీ మీదున్నావిడకి కూడా చూపించి మురిసిపోయింది.

వారం పోయాక ఫోన్‌లో మాట్లాడుతూ, "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగింది క్రిస్టినా.

"ఏడో తారీఖు, ఎనిమిదో నెల."

ఇంత దూరం వేశారేంటి అని ఒక్క క్షణం అనిపించింది. ఇంతలో హరిబాబుగారు పిలిచారు. "సరే పెద్దమ్మా, చుక్కలు మానకు" అని పెట్టేసింది.

దీనమ్మ చుక్కలు మానలేదు. జూలైలో ఎడమ కన్ను ఇంకా మసకైతే మందు గుణం అనుకుంది. వచ్చే నెల్లో ఎలాగూ చూస్తారు కదా, పనిలో ఉన్న పిల్లని కంగారు పెట్టడం ఎందుకని ఊరుకుంది.

ఆగస్టు ఏడున ఇద్దరూ వెళ్లారు. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీది జూలై ఎనిమిదండి. నెలయిపోయిందిగా!" అంది.

డాక్టరు రెండు కళ్లూ పరీక్ష చేశారు. "ఎడమ కంటి నరం బాగా దెబ్బతిందండి. అప్పుడే వచ్చుంటే ఆపరేషన్ చేసి చాలావరకు ఆపేవాళ్లం. పోయిన చూపు మళ్లీ రాదు. ఉన్నది కాపాడుకుందాం."

"తప్పు నాదేనండి డాక్టరు గారూ," అంది దీనమ్మ. "సర్వీసంతా తారీఖులు వేసినదాన్ని, నా తారీఖు నేను చదువుకోలేకపోయాను."

క్రిస్టినా ఫోన్ తీసుకుని తెరిచింది. గుండ్రటి మూలల తెల్లటి కార్డు. దాని మీద అమెరికా పద్ధతిలో, నెల ముందు పెట్టి, 07/08. మన దేశంలో ఎవరైనా పెద్దమ్మ చదివినట్టే చదువుతారు.

వరండాలోకి వచ్చి కూర్చున్నాక చెప్పింది. "నువ్వు తప్పు చదవలేదు పెద్దమ్మా. ఆ కార్డే తప్పు. అది నేను పెట్టిందే. అంతకుముందు తెలుగులో వచ్చేది. నేనే తీయించేశాను."

దీనమ్మ తలతిప్పి ఆమె వైపు చూసింది. "ఇలా అవుతుందని నీకు ఎవరూ చెప్పలేదా?"

"కిరణ్ చెప్పాడు."

"మరి వినొచ్చు కదమ్మా."

అంతే అంది. తర్వాత కూడా దాని గురించి ఇంకేమీ అనలేదు. గట్టిగా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది క్రిస్టినాకి.

ఆఫీసుకొచ్చి కార్డు సరిచేసింది. అందరికీ ఒకటే ముక్క కాబట్టి ఒక్కచోట దిద్దితే చాలు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. కంటి ఆసుపత్రి యాప్‌లో కిరణ్ కార్డు మళ్లీ పెట్టింది. పక్క ముక్కలేవీ కదల్లేదు. "చూశారా, మన పద్ధతి వల్ల ఎంత తొందరగా అయిందో!" అన్నారు హరిబాబుగారు. ఆమె లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది.

కిరణ్ వెనకాలే వచ్చాడు.

"నీ మాట వినాల్సింది," అంది.

"నేనూ ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. వాళ్లని కళ్లారా చూసొచ్చినవాణ్ణి, ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది."

ఆసుపత్రి వాళ్లని అడిగి, తారీఖు తప్పినవాళ్లందరికీ ఇద్దరూ కూర్చుని ఫోన్లు చేశారు. చాలామందికి పెద్ద నష్టం జరగలేదు. తణుకులో ఉండే తాతాజీ గారనే పెద్దాయన మాత్రం, "రమ్మన్న రోజున రాలేదని డాక్టరు గారు నా మీద కోప్పడ్డారమ్మా. ఫోన్‌లో ఈ తారీఖే ఉందంటే అబద్ధమాడుతున్నాననుకున్నారు" అన్నారు. "మీ తప్పు లేదండి, మాదేనండి. ఆ మాట డాక్టరు గారికి నేనే చెబుతాను" అంది క్రిస్టినా. చెప్పింది కూడా.

ఆ ఆదివారం కొవ్వూరులో పెద్దమ్మతో పాటు చర్చికి వెళ్లింది. ఆరాధన అయ్యాక జనంతో పాటు మెట్లు దిగుతున్నారు. దీనమ్మ తెలిసినవాళ్లని పలకరిస్తూ, ఎడమవైపు ఖాళీగా ఉందనుకుని అటు అడుగేసి క్రిస్టినాని గుద్దుకుంది. తూలి పడబోతే క్రిస్టినా గట్టిగా పట్టుకుంది.

"ఇటు పక్కనున్నావా? కనబళ్లేదే తల్లీ," అంది దీనమ్మ నవ్వుతూ, తప్పు తనదే అన్నట్టు.