వెనక గది సాక్ష్యం

విచారణ కాగితాలు జగదాంబ ఫోనుకి మధ్యాహ్నం వచ్చాయి. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ‘ఎత్తుతున్న బరువు కింద ఎందుకు నిలబడ్డారని అడగ్గా కార్మికురాలు సమాధానం చెప్పలేదు’ అని హిందీలో రాసి ఉంది.

“సెప్పనేదా? నాను సెప్పనేదా?”

ఆ అరుపుకి వంటింట్లోంచి వదిన రోహిణి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

జగదాంబ టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇనుప రేకులు ఎక్కించి దించే పని పదకొండేళ్లుగా చేస్తోంది. నెలన్నర కిందట క్రేను ఎత్తుతున్న రేకుల కట్టకి వేసిన బెల్టు తెగింది. కట్ట వచ్చి ఆమె ఎడమకాలి మీద పడింది. ఇప్పుడు ఆ కాలికి మోకాలి నుంచి మడమ దాకా ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. రెండు నెలలు మంచం కదలొద్దన్నాడు డాక్టరు. తప్పెవరిదో తేల్చడానికి కంపెనీ రాంచీ నుంచి ఒక వకీలుని విచారణాధికారిగా పెట్టింది. ఆమె కదలలేని స్థితిలో ఉంది కాబట్టి విచారణంతా ఫోనులో, వీడియో కాల్ మీద.

తొలిరోజు కాల్‌లో మనుషుల మొహాలే కనబడలేదు. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయింది. బెల్టు పీచులు లేచిపోయి ఉందని, పొద్దున్నే చెప్పానని ఆమె మూడుసార్లు చెప్పింది. అవతల “హలో, హలో” అన్నారు. కాల్ తెగిపోయింది. దాన్నే వాళ్లు సమాధానం లేదని రాసుకున్నారు.

“మళ్లీ ఎప్పుడు?” అంది రోహిణి.

“వచ్చే గురువారం. అదే ఆకరు.”

ఇంకా తొమ్మిది రోజులుంది.

బిర్సానగర్‌లోని ఆ ఇల్లు జగదాంబ అన్న అప్పలరాజుది. మొగుడు వదిలేసిన దగ్గర్నుంచి ఆమె అక్కడే ఉంటోంది. వీధి గది, దాని వెనక అన్నావదినల గది, ఆ వెనక వంటిల్లు, చిట్టచివర జగదాంబ గది. ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా ఉంటాయి. వైఫై డబ్బా వీధి గదిలో టీవీ వెనక ఉంది. వెనక గదికి వచ్చేసరికి మూడు గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక ఫ్రిజ్ దాటాలి. ఫోను టవరూ ఆ గదికి అందదు. కడ్డీల కాలితో ఆమెని ఆ ఇరుకు గుమ్మాల్లోంచి వీధి గదికి మోసుకుపోవడం జరిగే పని కాదు.

అప్పలరాజు అదే ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఆ సాయంత్రం చెల్లెలు కాగితం చూపిస్తే ఒకసారి చదివి ఫోను మంచం మీద పెట్టేశాడు.

“నెట్టు బాగునేక అలాగయింది. రిపీటరని ఒకటుంటాది. తెచ్చి పెడతాను.”

రెండు రోజుల్లో తెచ్చాడు కూడా. అరచేతంత తెల్ల డబ్బా. మంచం పక్క ప్లగ్గులో గుచ్చాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. ఫోనులో గీతలు నిండుగా వచ్చాయి. “సూసినావా, ఫుల్లు” అని వెళ్లిపోయాడు. మర్నాడు వీధి గదిలోంచి రోహిణి కాల్ చేసి చూసింది. తెర మీద వదిన నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మాట ఒక్కటీ రాలేదు.

పక్కింటి ముసలయ్య టాటానగర్ రైల్వేలో టెలిఫోను తీగల మీద ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. జగదాంబని చూడ్డానికి బత్తాయిలు పట్టుకొచ్చి, ఆ డబ్బాను చూసి నవ్వాడు.

“ఇక్కడెవుడు పెట్టినాడమ్మా దీన్ని?”

“అన్న పెట్టినాడు మావయ్యా. గీతలు నిండుగా ఉన్నాయి, పని సెయ్యదు.”

“ఆ గీతలు దీనికీ నీ ఫోనుకీ మజ్జన. ముందు గదిలోంచి దీనికేటి అందుతంది? ఏటీ అందదు. తనకి అందనిది నీకేటి పంపుద్ది? దీన్ని మజ్జ గదిలో పెట్టాల. సిగ్నలు ఇంకా పానంతో ఉన్నకాడ.”

మధ్య గది అంటే అప్పలరాజు పడుకునే గది. సాయంత్రం జగదాంబ అడిగితే అతను తల అడ్డంగా ఊపాడు.

“అక్కడ కుదరదు. ఒక్కటే ప్లగ్గు, దాన్ని కూలరుకి వాడతన్నాం.”

“ఒక్క గంట కూలరు తీసీ.”

“లైటు మినుకు మినుకుమంటాది, నిద్ర పట్టదు.”

“విచారణ పొద్దున్న పదకొండుకి. అప్పుడు నువ్వు పడుకుంటావా?”

అతను చెప్పులు వేసుకోబోయాడు. జగదాంబకి ఒళ్లు మండిపోయింది. మంచం పట్టె పట్టుకుని లేవబోతే కాలి కడ్డీల దగ్గర నొప్పి జివ్వుమంది.

“నాను మాటాడితే నీకేటి నట్టం? ఆ బెల్టు సంగతి పొద్దున్న నీకే సెప్పినాను. ‘ఈ ఒక్క లోడు దింపీసి మారుద్దాం’ అన్నావు. గుర్తుందా, మర్సిపోనావా?”

“అరవకు. ఈదంతా ఇంటారు.”

“ఇననీ! నీ పేరు సెప్పను, బయపడకు. బెల్టు సెడిపోయిందని సెప్తాను, అంతే. నా తప్పు కాదని రాయించుకుంటాను. అదీ వద్దా?”

“ముందు కాలు బాగవనీ. కంపెనీతో పెట్టుకుంటే ఇద్దరి పనీ పోతాది. డబ్బా కొన్నాను, పెట్టినాను, ఇంకేటి సెయ్యమంటావు?” అని వెళ్లిపోయాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న రోహిణి ఆ రోజు మొగుడితో మాట్లాడలేదు. మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే ముసలయ్యను పిలుచుకొచ్చింది.

“ప్లగ్గు గొడవే వద్దు,” అన్నాడాయన. “ముందు గదిలో డబ్బా నుంచి తీగ లాగుదాం. ఈ తెల్లదానికి కింద తీగ దూర్చే కన్నం ఉంది. తీగలోంచి వచ్చిందాన్ని ఈ గదంతా ఇదే పంచుద్ది. గోడలుంటే ఏటి, బీరువాలుంటే ఏటి?”

ఆయన ఇంట్లోంచి నీలం తీగ చుట్ట, మేకులు, చిన్న సుత్తి తెచ్చాడు. గుమ్మాల పైనుంచి, వంటింటి వెంటిలేటర్లోంచి తీగ లాగాడు. రోహిణి స్టూలు కదలకుండా పట్టుకుంది. రెండు గంటల్లో పనైపోయింది. ఈసారి కాల్‌లో రోహిణి మాట స్పష్టంగా వినబడింది. ఆమె ముక్కుపుడక రాయి కూడా కనబడింది.

మూడింటికి అప్పలరాజు ఇంటికొచ్చి గోడ మీది తీగ చూశాడు. దాన్ని లాగేయడానికి స్టూలు జరిపి చెయ్యి పైకెత్తాడు.

“అది ముట్టుకున్నావంటే నా సంచి సర్దుకుని నాను బాగ్‌బేరా ఎలిపోతాను, మా అమ్మోలింటికి,” అంది రోహిణి. గొంతు పెంచలేదు. అతను చెయ్యి దించేశాడు.

గురువారం పదకొండుకి రోహిణి జగదాంబ వీపు వెనక రెండు దిండ్లు పెట్టి, ఫోనుని స్టీలు డబ్బాకి ఆనించింది. కాల్ కలిసింది. విచారణాధికారి కళ్లద్దాలు, వెనక గోడ మీద కేలండరు తేటగా కనబడ్డాయి. రెండో గడిలో ఫ్యాక్టరీ ఆఫీసు. బల్ల దగ్గర మేనేజరు. అతని పక్కన, ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో, అప్పలరాజు.

కంపెనీ తరఫు సాక్షి అని అధికారి పరిచయం చేశాడు. కిందటిసారి కూడా హాజరయ్యాడని చెప్పాడు.

జగదాంబకి కాసేపు ఏమీ వినబడలేదు. ఆ రోజు గళ్లు గళ్లుగా విడిపోయిన బొమ్మలో అన్న కూర్చునే ఉన్నాడు. ఆమె మూడుసార్లు అరిచి చెబుతుంటే అక్కడే ఉన్నాడు. తరవాత ఇంటికొచ్చి ఆమె పక్కనే కూర్చుని టీ తాగాడు. పక్కన రోహిణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకీ తెలియదు.

బరువు కింద ఎందుకు నిలబడ్డావని అధికారి హిందీలో అడిగాడు.

“నేను కింద నిలబడలేదు సాబ్, పక్కన నిలబడ్డాను,” అంది జగదాంబ హిందీలోనే. “బెల్టు పీచులు లేచి ఉంది. పొద్దున్నే చెప్పాను.”

“ఎవరికి చెప్పావు?”

పేరు చెప్పకూడదనే అప్పటిదాకా అనుకుంది.

“మీకు కనబడుతున్నాడు చూడండి, నీలం చొక్కా. ఆయనకి. మా అన్న. ఈ ఒక్క లోడు దింపేశాక మారుద్దామన్నాడు. కాదనమనండి. నా మొహం చూసి కాదనమనండి.”

మేనేజరు ఏదో అనబోతే అధికారి చెయ్యెత్తి ఆపాడు. అప్పలరాజుని అడిగాడు. అతను బల్ల వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు, చివరికి తెర వైపు చూశాడు.

“చెప్పింది,” అన్నాడు చిన్నగా.

“గట్టిగా చెప్పండి.”

“చెప్పింది సాబ్. తప్పు దానిది కాదు.”

అధికారి రాసుకున్నది పైకి చదివి వినిపించాడు. ఒక ముక్క కూడా పోకుండా జగదాంబకి వినబడింది.

సాయంత్రం అప్పలరాజు వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“నిజం సెప్పీసినాను కదే.”

“నెట్టు తెగిపోయుంటే సెప్పేవోడివా?”

ఆమె అతని మొహంలోకి చూస్తూనే ఉంది. కాసేపటికి అతను గుమ్మం వదిలి వెళ్లాడు.

ప్రమాదం కంపెనీ వల్లే జరిగిందని పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. వైద్యం ఖర్చంతా వాళ్లదే, కాలు నయమయ్యాక కూర్చుని చేసే పనివ్వాలని రాశారు. అప్పలరాజుని ఇన్‌ఛార్జి పని నుంచి తీసేసి లోడింగ్‌లో వేశారు. ఆ సంగతి రోహిణి చెబితే జగదాంబకి సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. “కొత్త బెల్టు ఏసినారా, అడిగి సూడు,” అంది. రోజూ షిఫ్టు దిగాక అతను వచ్చి ఆ గదిలో ముక్కాలి పీట మీద కాసేపు కూర్చునేవాడు. అతను లేచి వెళ్లేదాకా ఆమె గోడ వైపే తిరిగి పడుకునేది.