మిలిట్రీ ఆమె

జాకెట్టు చంక కింద రెండో కుట్టు పడుతుండగా కరెంటు పోయింది. కృపాకుమారి విసుక్కోలేదు. మోటారు బెల్టు తప్పించి, పాత తోలు బెల్టు చక్రానికి తగిలించి, కాలితో తొక్కడం మొదలుపెట్టింది. ముప్పై ఆరేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. కుడిచేతి చూపుడువేలి కొస సూదిపోట్లకు గరుకుదేలింది. కుట్టేటప్పుడు కింది పెదవి లోపలికి మడుచుకుంటుంది. పన్నెండేళ్లుగా అయిదు ఊళ్లలో అలాగే పెదవి మడుచుకుని మిషను ముందు కూర్చుంది.

భర్త జయరాజు సైన్యంలో హవల్దారు. పెళ్లయి బొబ్బిలి దగ్గరి పల్లె వదిలాక బెల్గాం, ఝాన్సీ, తేజ్‌పూర్, పఠాన్‌కోట్. ఎక్కడికి పోయినా మిషను తలకాయ విప్పి దుప్పట్లో చుట్టి, భర్త పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకుపెట్టెలో సర్దేది. కొత్త ఊళ్లో మొదట చీరలకు ఫాల్సు కుట్టమని ఇస్తారు. తర్వాత లంగాలు. ఏడాదికి జాకెట్లు. పెళ్లి పట్టుచీర మీదికి జాకెట్టు నమ్మి ఇచ్చేసరికి బదిలీ కాగితం వస్తుంది. మళ్లీ ఫాల్సు.

ఏడు నెలల కిందట జయరాజును అనంతపురం ఎన్.సి.సి.కి వేశారు, కాలేజీ పిల్లలకు కవాతు నేర్పడానికి. తెలుగు ఊరే కదా అని ఆమె సంబరపడింది. వచ్చాక తెలుగు కూడా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఆమె "ఏటి" అంటే అంగట్లో నవ్వారు. జాకెట్టును రైక అన్నారు. పేరు ఎవరూ అడగలేదు. మిలిట్రీ ఆమె అన్నారు, అంతే.

నీళ్లు రెండు రోజులకోసారి. వీధి కొళాయి దగ్గర ఏ బిందె తర్వాత ఏ బిందో ఏనాడో ఖాయమైపోయింది. కొత్త ఇంటి బిందెకు అందులో చోటు లేదు. రెండుసార్లు చివర నిలబడితే, ఆమె వంతు వచ్చేసరికి కొళాయిలో గాలి బుసకొట్టింది. మూడోసారి నాలుగో బిందె ముసలామె తన బిందెను కాలితో వెనక్కి జరిపింది.

"నీది ఈడ పెట్టు మే. ఎవురన్నా అడిగితే ఆంజినమ్మ పెట్టమనింది అని చెప్పు."

ఎవరూ అడగలేదు.

ఆంజినమ్మ వీధి చివరి గదిలో ఒంటరిగా ఉంటూ జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. పొట్టి మనిషి. వేడిపిండి తట్టి తట్టి అరచేతులు ఎర్రబడి, గీతలు అరిగిపోయినట్టు నున్నగా ఉండేవి. గుమ్మఘట్ట దగ్గర ఆమెకు చేను ఉండేది. మూడు బోర్లు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఆ తర్వాత మొగుడు పోయాడు, కొడుకు బళ్లారిలో పనికి కుదిరాడు, ఆమె ఇక్కడికి వచ్చింది. "నేనూ ఈడికి బదిలీ అయినదాన్నే" అని నవ్వేది. రోజూ పదకొండున్నరకు వచ్చి కృపాకుమారి గడప మీద కూర్చుని, వక్కాకు నములుతూ, వీధిలో ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పేది. ఈ యమ్మి కుట్టితే ఒంటికి అతికినట్టు ఉంటాది అని నలుగురికి చెప్పి, మొదటి రైకగుడ్డలు తెచ్చిచ్చింది కూడా ఆమే.

"మీ సొంతూరు యాడ?" అని ఒకసారి అడిగింది. కృపాకుమారి దారం కొస తడిపి సూదిలోకి ఎక్కించింది. ఫారాల్లో శాశ్వత చిరునామా అని రాసే అత్తగారింట్లో ఆమె మొత్తం కలిపి రెండు నెలలు ఉండి ఉండదు.

కరెంటు పోయి కాలితో తొక్కుతున్న ఆ రోజు ఆంజినమ్మ పదిన్నరకే వచ్చింది.

"ఏటి పెద్దమ్మా, బేగి వచ్చేసావు?"

"ఎదలో పట్టుకున్నట్టు ఉండాది మే. గ్యాసేమో. సోడా తాగినా."

నుదుటి మీద చెమట చుక్కలు కట్టి ఉంది. వక్కాకు తీయలేదు. కృపాకుమారి మిషను ఆపింది.

"ఆస్పత్రికెళ్దాం, లే."

"ఊరకుండు. నీ పని చేసుకో. రోంతసేపు కూర్చుంటే పోతాది."

పోలేదు. జయరాజుకు ఫోను చేసింది. అతను పది రోజుల క్యాంపులో ఉన్నాడు; తుపాకీ కాల్పుల శిక్షణ జరిగేటప్పుడు ఫోను ఎత్తడు. అంబులెన్సుకు చేసింది. అవతల అమ్మాయి ఎక్కడికి రావాలో అడిగింది. అద్దె కాగితంలో ఉన్న కాలనీ పేరు చెప్పింది. ఆ పేరుతో ఊళ్లో రెండున్నాయట. దగ్గర్లో ఏముంది, ఏ వైపు నుంచి రావాలి అంటే కృపాకుమారి వీధిలోకి చూసింది. కొళాయి ఉంది, వేపచెట్టు ఉంది, ఎండ ఉంది. ఏ ఒక్కదాని పేరూ ఆమెకు తెలియదు. పరుగెత్తి వెళ్లి, నాలుగిళ్ల అవతల అంగడి లక్ష్మన్న చేతికి ఫోను ఇచ్చింది. అతను నాలుగు ముక్కల్లో దారి చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి ఆంజినమ్మ ద్వారబంధానికి తల ఆనించి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కృపాకుమారి చేయి పట్టుకుంది. అరచేయి ఇంకా వెచ్చగానే ఉంది. చర్చిలో నేర్చుకున్న ప్రార్థన నోటిదాకా వచ్చింది. ఈమె కోసం ఆ మాటలు అనవచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

అంబులెన్సు తొందరగానే వచ్చింది. అందులోని అతను మెడ దగ్గరా మణికట్టు దగ్గరా పట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. కాగితం తీశాడు.

"మీరేమైతారమ్మా ఈమెకు?"

కృపాకుమారి ఆంజినమ్మ జారిన కొంగు సర్దింది. ఇంటిపేరు అడిగాడు. వయసు అడిగాడు. కొడుకు నంబరు అడిగాడు. వీధిలో అందరి సంగతులూ చెప్పిన మనిషి తన ఇంటిపేరు ఎప్పుడూ చెప్పలేదు.

నడుముకు దోపుకున్న చిన్న ఫోను దొరికింది. ఆంజినమ్మకు అక్షరాలు రావు. ఫోనులో పేర్లు లేవు, అంకెలే.

"ఆఖరుకు ఎవురికి చేసిందో సూసి నొక్కమ్మా" అన్నాడు అంగడి వదిలి వచ్చిన లక్ష్మన్న.

నొక్కింది. మిషను బల్ల మీద తన ఫోనే మోగింది.

అది మోగుతూనే ఉంది. లక్ష్మన్న ఆమె చేతిలోంచి ఆ చిన్న ఫోను మెల్లగా తీసుకుని, దాని కింది నంబరు నొక్కాడు.

కొడుకు తిప్పేష్ మధ్యాహ్నం మూడింటికి బండి మాట్లాడుకుని వచ్చాడు. అప్పటికి వీధి ఆడవాళ్లంతా చేరారు. తలా ఒక వరస పెట్టి ఏడుస్తున్నారు, అత్తా, చిన్నమ్మా, వదినా అని. కృపాకుమారి నీళ్లు తెచ్చిచ్చింది, చాప తెచ్చిచ్చింది. ఆమెను ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

"ఈ తల్లి ఎవురన్నా?" తిప్పేష్ అడిగాడు.

"మిలిట్రీ ఆమె. మీయమ్మ కడాకు ఈమె గడప మీదనే పోయింది" అన్నాడు లక్ష్మన్న. తిప్పేష్ చేతులు జోడించాడు.

ఆంజినమ్మను ఊరికి తీసుకుపోతున్నారు. ఆడవాళ్లు బండి ఎక్కారు. కృపాకుమారి కూడా ఒక కాలు పైన పెట్టింది. పక్కింటి పద్మజ వంగి ఆమె భుజం మీద చేయి వేసింది.

"నువ్వు యాడికొస్తావులేక్కా. పాప బడి నుంచి వస్తే ఇంటికాడ ఎవురుంటారు?"

నిజమే. కూతురు అశ్విని నాలుగో తరగతి. నాలుగున్నరకు ఆటో వస్తుంది. కృపాకుమారి కాలు దించింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడింది.

అయిదున్నరకు జయరాజు ఫోను చేశాడు. సంగతి చెప్పింది.

"అయ్యో, రొట్టెల పెద్దమ్మా? వాళ్లోళ్లు వచ్చారా?"

"వచ్చారు. తీసుకెళ్లిపోయారు."

"మరింకేటి. నువ్వు తిన్నావా?"

తిన్నానో లేదో ఆమెకు గుర్తు రాలేదు. ఊఁ అంది.

ఎండ వాలుతుండగా వీధి చివరకు నడిచింది. తిప్పేష్ గదికి తాళం వేసి పోయాడు. బయట వసారాలో పొయ్యి చల్లారి ఉంది. పక్కన పీట మీద బోర్లించిన స్టీలు గిన్నె. ఎత్తి చూసింది. కింద ఒక రొట్టెకు సరిపడా కలిపిన జొన్నపిండి ముద్ద, అంచులు ఎండి బీటలు వారి, నడుమ ఇంకా మెత్తగా, మీద నాలుగు వేళ్ల గుర్తులతో.