ఎవరి ముద్ద వాళ్లదే

నేను ఒక కుర్చీని. అలాగని ఏ పెద్దమనిషో వచ్చి కాలు మీద కాలేసుకునే రకం అనుకునేరు. పళ్లు పూర్తిగా రానివాళ్లకే నా ఒళ్లో చోటు. కాళ్లు పొడుగు, ఒడి ఇరుకు, పిల్లవాడు ముందుకు జారకుండా కడుపు దగ్గర ఒక అడ్డకర్ర. నన్ను భోజనాల బల్లకు ఆనించి పెడితే రెండేళ్లవాడైనా సరే ఇంటిపెద్దతో సమానంగా తలెత్తుకుని కూర్చుంటాడు.

పుట్టింది జర్మనీలో, లైప్‌జిగ్ అనే పట్నానికి దక్షిణాన ఉన్న కొండల్లో. నన్ను కన్న చెట్టు ఎంత పొడుగంటే, కొసన పడ్డ వానచినుకు నేలకు దిగేసరికి మర్నాటి ఎండ కాసేది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ చెట్టు ఇప్పుడు లేదు, సాక్ష్యానికి నేను తప్ప వేరే దిక్కూ లేదు. రైన్‌హోల్ట్ అనే వడ్రంగి తన మొదటి కూతురి కోసం నన్ను చేశాడు. మూడుసార్లు కొలిచి ఒకసారి కోస్తానని ఊరంతా చెప్పుకునేవాడు. నా వెనక కాలు మాత్రం కొలవకుండానే కోశాడు కాబోలు, గోరంత పొట్టి. ఆ లోపాన్ని కప్పడానికి అడుగున తోలుముక్క అంటించి, అది నేల గీసుకుపోకుండా చేసిన ఏర్పాటని పెళ్లానికి చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు నటించింది. సంసారాలు అలాగే నడుస్తాయి.

ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో పడ్డాను. ఒక్కరోజైనా నా మీద తిన్నగా కూర్చున్నారా? నన్ను బోర్లించి పడవ అన్నారు, పక్కకు పడేసి చెరసాల అన్నారు. అక్కణ్ణుంచి ఒక పండితుడి ఇంటికి చేరితే, ఆయన పదేళ్లపాటు నా ఒళ్లో పుస్తకాలు పేర్చాడు. నేను కనిపెట్టిన సత్యం ఒకటి చెబుతాను. మనిషికి ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోడు, ముందు దానిమీద ఏదో ఒకటి పెడతాడు.

పండితుడు ఇల్లు మారుతూ నన్ను వీధి అరుగు పక్కన పెట్టి, 'కావలసినవారు తీసుకుపోండి' అని కాగితం అంటించి వెళ్లిపోయాడు. ఆ దేశంలో అదొక ఆచారం. రెండు గంటలు అలా అనాథలా నిలబడ్డాక ఒక నల్లటి యువకుడు వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరైనా కేకేస్తారేమోనని నాలుగు దిక్కులూ చూశాడు. ఎవరూ కేకేయకపోయేసరికి నన్ను భుజాన వేసుకుని ట్రామెక్కాడు. అతని పేరు మురారి, చీరాలవాడు. అలా నా జాతకంలోకి తెలుగు వచ్చింది.

ఇంటికి రాగానే అతని భార్య ప్రసూన నన్ను చూసి, ఎవరెవరి పిల్లలు ఏమేం పులిమారో అని ముక్కు చిట్లించింది. వేడినీళ్లతో రెండుసార్లు కడిగింది. ఎండలో పెట్టింది, అంటే ఆ ఊళ్లో ఎండ అని ఏది దొరికితే దాంట్లో. చివరికి నా వీపుమీద పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. నలభై ఏళ్ల బతుకులో నాకు బొట్టు పెట్టినవాళ్లు లేరు. కొండల్లో పుట్టిన కర్రను, నాకేం అర్థమవుతుంది? దెబ్బ తగిలిందనుకుని మందు రాసిందేమో అనుకున్నాను.

ఇంతా చేసి వాళ్ల కొడుకు ధ్రువ్ నా మీద కూర్చుంటే ఒట్టు. రెండేళ్లవాడు, వాడి భోజనమంతా తల్లి చంకలోనే. ప్రసూన ఎడంచేత వాణ్ణి ఎత్తుకుని, కుడిచేత గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర మొదలుపెట్టేది. ట్రాములు చూపించి రెండు ముద్దలు, బాల్కనీలో పావురాల్ని చూపించి రెండు, స్నానాలగదిలో కుళాయి తిప్పి రెండు. నా ఒళ్లో మాత్రం ఉతికిన బట్టలు. నేను చెప్పిన సత్యం ఇక్కడా రుజువైంది.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. ప్రతి ముద్దకూ ఒక పేరుండేది. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది నాయనమ్మ ముద్ద, ఇది తాతయ్య ముద్ద అంటూ అమ్మమ్మ, మేనమామ, పెదనాన్నల మీదుగా సాగి, పధ్నాలుగోది మేనత్త భ్రమరాంబ ముద్దతో గిన్నె ఖాళీ అయ్యేది. తెలుగు పూర్తిగా పట్టుబడని రోజుల్లో అవి కూరల పేర్లనుకున్నాను. మేనమామ అంటే బెండకాయ, పెదనాన్న అంటే పప్పుచారు అని లెక్క వేసుకున్నాను. తర్వాత ఫోనులో వాళ్ల ముఖాలు చూశాక తెలిసింది, మనుషులేనని. వాళ్లు రోజూ ఫోను చేసి, "నా ముద్ద తిన్నాడా?" అని అడిగేవాళ్లు. తిన్నాడని ప్రసూన చెబితే చీరాలలో వాళ్ల కడుపు నిండినట్టు త్రేన్చేవాళ్లు. ఇక్కడ తినిపిస్తే నాలుగు వేల మైళ్ల అవతల అరిగే తిండిని నేను మరెక్కడా చూడలేదు. పాపం, వాడికి మేనమామ అంటే నాలుక మీద ఆనవాలే తప్ప కంటి ఎదుట మనిషి కాదు.

ఇలా సాగిపోతుండగా ప్రసూనకు గడువు దగ్గరపడింది. ఆమె మందుల ప్రయోగశాలలో పనిచేసేది. పిల్లవాడి కోసం తీసుకున్న సెలవు అయిపోతోంది. మార్చి మొదటి సోమవారం పనిలో చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరం వచ్చింది. చదువుకుని, పోటీపడి తెచ్చుకున్న ఉద్యోగం. వదులుకుంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కడం కష్టం.

అక్కడ నలుగురైదుగురు పసివాళ్లను తమ ఇంట్లోనే పగలంతా చూసుకునే ఆడవాళ్లుంటారు. వాళ్ల భాషలో పగటి అమ్మలంటారు. రెండు వీధుల అవతల ఇంగె అనే పగటి అమ్మ దగ్గర చోటు దొరికింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, గంభీరమైన ముఖం. పిల్లలు నలుగురయ్యేసరికి ఆవిడ దగ్గర కుర్చీ ఒకటి తక్కువైంది. మురారి మళ్లీ నన్ను భుజాన వేసుకున్నాడు. బట్టల చెర విడిచిందని నేను లోలోపల పొంగిపోయాను.

పిల్లవాణ్ణి ఒక్కసారిగా వదిలేసి పోవడం ఆ దేశంలో ఒప్పుకోరు. మొదట రెండు వారాలు తల్లి కూడా వచ్చి కూర్చోవాలి. ఎలా కూర్చోవాలో ఇంగె వివరంగా చెప్పింది. గదిమూలలో కూర్చోవాలి. ఆడించకూడదు, పిలవకూడదు, తినిపించకూడదు. పిల్లవాడు వచ్చి తాకితే తాకనివ్వాలి, తను మాత్రం కదలకూడదు. ఇంట్లో సామానులాగా ఉండాలని ఆవిడ మాట. ఆ విద్యలో నలభై ఏళ్ల అనుభవమున్న నన్ను పక్కనే పెట్టుకుని, ఒక్క సలహా అడిగితే ఒట్టు. ప్రసూన ఎంత చెడ్డ కుర్చీయో చెప్పలేను. వాడు దగ్గితే మోకాళ్లు కదిలేవి, తుమ్మితే భుజాలు లేచేవి. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

ఆడుకోవడం వరకు ధ్రువ్‌కు పేచీ లేదు. పేచీ మధ్యాహ్నం భోజనం దగ్గరే. ఇంగె నలుగురికీ సమానంగా వడ్డించేది. పిల్లలు ఎవరి పళ్లెంలోది వాళ్లు, ఎవరి చేత్తో వాళ్లు తినాలి. బతిమాలడాలు లేవు. వద్దంటే వద్దు, పళ్లెం తీసేయడమే. ధ్రువ్ నా ఒళ్లో కూర్చుని పళ్లెం వంక చూసేవాడు. నోరు తెరిచేవాడు. ఎవరూ ఏ పేరూ అనేవాళ్లు కాదు. మళ్లీ నోరు మూసుకునేవాడు. ఇంటికి వెళ్లాక తల్లి చంకెక్కి కరువులోంచి వచ్చినవాడిలా తినేవాడట.

నాలుగో రోజున ప్రసూన ఒక కాగితం తెచ్చింది. ముద్దల జాబితా. ఇంగె కళ్లజోడు పెట్టుకుని, పేరు పేరునా వేలు పెట్టి శ్రద్ధగా చదివి, వీళ్లంతా భోజనానికి వస్తున్నారా అని అడిగింది. ప్రసూన విషయం చెప్పింది. ఇంగె కళ్లజోడు తీసి మడిచింది.

"మా ఇంట్లో ఎవరి ముద్ద వాళ్లదే, ప్రసూనా. ఇంకొకరి కోసం తినమని నేను ఏ పిల్లాడికీ చెప్పను."

అయినా పెద్దవాళ్ల పేర్లు కదా అనుకుందో ఏమో, కాగితాన్ని చెత్తలో వేయకుండా ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

దీనివల్ల చీరాలలో అగ్గి రాజుకుంటుందని ఇంగెకేం తెలుసు? జాబితాలో పదమూడు పేర్లే ఉన్నాయని భ్రమరాంబకు ఎవరో చేరవేశారు. ఆ సాయంత్రం ప్రసూన ఇంగె ఇంటి వరండాలో పిల్లవాడికి బూట్లు తొడుగుతుండగానే ఫోను మోగింది. తలుపు తెరిచే ఉంది గనక నేనూ విన్నాను.

"ఏం ప్రసూనా, నా ముద్ద తీసేయించావంటగా."

"తీసేయడమేంది వదినా. ఆవిడ చదవగలిగిన పేర్లే రాశా. మీ పేరుకి ఇక్కడోళ్లకి నోరు తిరగదు."

"రాఘవమ్మకి తిరిగిన నోరు భ్రమరాంబకి తిరగదా? మా అమ్మ పేరేమన్నా ఇంగ్లీషు పేరా?"

ప్రసూన రెండో బూటు కూడా తొడిగింది. తర్వాత మెల్లగా అంది. "అసలు వాడు ఎవరి ముద్దా తినటల్లేదు వదినా. అమ్మ ముద్ద కూడా."

 తగువు కోసం తయారుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, భ్రమరాంబ పిల్లవాణ్ణి ఫోనులో చూపించమంది.

రెండో వారం బుధవారం ఇంగె ఉన్నమాట చెప్పింది. శుక్రవారం లోపల పిల్లవాడు ఇక్కడ తినకపోతే తను బాధ్యత తీసుకోలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పస్తుండే పిల్లవాణ్ణి ఎలా ఉంచుకోగలదు? చోటు కోసం ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది. సోమవారం ప్రసూన పనిలో చేరాలి. అప్పుడు నాక్కూడా బెంగ పుట్టింది. మళ్లీ బట్టలు మోయడానికి వెళ్లాలని కాదు, నిజంగానే. వాడి బరువు నాకు అలవాటైంది. ఆ బరువు రోజుకింత తగ్గుతున్నట్టు అనిపించేది కూడా.

శుక్రవారం వచ్చింది. ఆలుగడ్డ ముద్ద, దానిపక్కన ఉడికించిన బఠానీలు. మూలలో ప్రసూన చేతులు తొడల కింద పెట్టుకుంది. ధ్రువ్ పళ్లెం వంక చూశాడు. అమ్మ వంక చూశాడు. అమ్మ, చెప్పినట్టుగానే, గోడ వంక చూసింది. పక్కనున్న ఎమిల్ అనే పిల్లవాడు ఆబగా తింటున్నాడు. ధ్రువ్ వాడి నోటినీ, వాడి పళ్లేన్నీ చాలాసేపు పరీక్షగా చూశాడు. వాడి మనసులో ఏ లెక్క తేలిందో గాని, చటుక్కున చెయ్యి చాచి ఎమిల్ పళ్లెంలోంచి గుప్పెడు ఆలుగడ్డ తీసుకున్నాడు.

"ఎమిల్ ముద్ద," అని అందరికీ చూపించి నోట్లో పెట్టుకున్నాడు.

ఎమిల్ చెంచా గాల్లో ఆగింది. ఇంగె గరిట గాల్లో ఆగింది. ఇంగె ఇంట్లో ఒకరి పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టడమంటే అపచారం. మూలలో ప్రసూన సంగతి ఇంకా ఘోరం. ఎంగిలి ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే ఇంట్లో పెరిగిన మనిషి. లేవబోయింది. కాని ఆమె సామాను కదా, సామాను లేవదు.

ధ్రువ్ మింగాడు. రెండోవైపున్న లోట్టె పళ్లెంలోంచి ఇంకో గుప్పెడు. "లోట్టె ముద్ద." మూడో పిల్ల ఫ్రీడా అందలేదు. అడ్డకర్ర కిందనుంచి జారి, నా కాళ్లు పట్టుకుని దిగి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లాడు. ఫ్రీడా తనవంతు కోసమే చూస్తున్నట్టు పళ్లేన్ని ముందుకు తోసింది. ఆ తర్వాత ఇంగె పక్కన నిలబడ్డాడు. ఆవిడ తన పళ్లెం వంక చూసుకుంది, వాడి ముఖం వంక చూసింది. ముప్పై ఏళ్ల నియమం ఆ ముఖంలో అటూ ఇటూ ఊగడం నేను కళ్లారా చూశాను. చివరికి పళ్లెం కొంచెం కిందికి వంచింది.

"ఇంగె ముద్ద."

అప్పుడు వాడు గదంతా వెతికాడు. మూలలో అమ్మ ఉంది. అమ్మ ముందు పళ్లెం లేదు. ఈ చిక్కు వాణ్ణి కాసేపు నిలబెట్టింది. తిరిగి నా దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి, ఎవరూ ముట్టని తన పళ్లెంలోంచి గుప్పిట నిండా తీసుకుని, దారంతా బఠానీలు రాల్చుకుంటూ మూలకు నడిచాడు. గుప్పిట అమ్మ నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మ ముద్ద."

ప్రసూన కదల్లేదు. కళ్లు మాత్రం ఇంగె వైపు తిరిగాయి. ఇంగె లేచి, ముందే తోమి బోర్లించిన గిన్నెను మళ్లీ తీసుకుని, వాళ్లకు వీపు చేసి, కుళాయి కింద పెట్టి తోమడం మొదలుపెట్టింది.

ప్రసూన నోరు తెరిచింది.

వెళ్లేటప్పుడు ప్రసూన పళ్లేల సంగతెత్తి క్షమించమంది. ఇంగె తల అడ్డంగా ఊపింది. ఎవరి పళ్లెంలోది వాళ్లు తినడం తను నేర్పుకుంటానని, ఆకలి మాత్రం తను నేర్పగలిగేది కాదని చెప్పింది. "సోమవారం మీరు లోపలికి రావద్దు. గుమ్మం దగ్గర వదిలి పనికి వెళ్లండి."

వరండాలోనే చీరాలకు కబురు వెళ్లింది. భ్రమరాంబ అంతా విని, మరి తన ముద్ద ఎవరి పళ్లెంలోంచి తిన్నాడని అడిగింది. ఇంగెగారిది మీదే అనుకోండి, ఆవిడదీ మీ వయసే అని ప్రసూన సర్దిచెప్పింది. వయసు సంగతి ఎత్తినందుకు ఇంకో తగువు.

అది జరిగి అయిదేళ్లు. నేనింకా ఇంగె ఇంట్లోనే ఉన్నాను. ధ్రువ్ తర్వాత నా మీద ఆరుగురు కూర్చున్నారు, నా అడ్డకర్ర మీద పళ్లగాట్లు ఎన్నో నేనే ఎంచుకోలేను. వాళ్ల ముఖాలు కలిసిపోతున్నాయి గాని, ఆ సోమవారం మాత్రం కలిసిపోదు.

తల్లి గుమ్మంలోంచే వెళ్లిపోయింది. వాడు రెండు బూట్లు విప్పేంతసేపు ఏడ్చాడు. మధ్యాహ్నం నా ఒళ్లో కూర్చుని, చెంచా తలకిందులుగా పట్టుకుని, సగం ఒళ్లో సగం నోట్లో పోసుకుంటూ తన పళ్లెంలోదే తిన్నాడు. ఎవరి పేరూ అనలేదు. అడుగున ఒక్క చెంచాడు మిగిలింది. దాన్ని ఎత్తి మూల వైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత తనే తినేశాడు. ఇంగె చూసింది. అది ఎవరి ముద్ద అని మాత్రం అడగలేదు.