నూలు చుట్టిన ఉక్కు

సిద్ధరాములుకు సైకిలు వస్తుంది గానీ నడక రాదు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, మాట మాత్రం నిజం. ఎవరి పనికైనా పక్కవాళ్లు మోకాలడ్డుతారు. ఆయనకు ఆ ఖర్చు కూడా లేదు, సొంత మోకాళ్లే అడ్డుపడ్డాయి. కాస్త నడిస్తే చాలు, పట్టుకోవడానికి గోడ కావాలి. అదే మనిషిని సీటెక్కిస్తే ఒంటి బరువు సైకిలు మోసేది, మోకాళ్లు ఉత్తపుణ్యానికి పైకీ కిందికీ ఆడేవి. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని ఇంటి నుంచి ఊరి చివరి పవర్‌లూం షెడ్డు దాకా ఆయన చద్దర్ల బతుకు ఆ రెండు చక్రాల మీదే సాగింది.

ఆ సైకిలు ఇప్పుడు అశోక్ చౌక్‌లో వినాయక్ వెల్డింగ్ దుకాణం ముందు, చక్రాలు ఊడి, వెల్లకిలా పడి ఉంది. అది తండ్రి ఎల్లయ్య నాటి ఇంగ్లాండు ఉక్కు. పండరపురం జాతరకూ తుల్జాపూర్ జాతరకూ ఆయన చద్దర్ల మూటలు దాని మీదే మోసేవాడు. ఆ గొట్టాల చట్రాన్ని ఊరంతా ఫ్రేము అంటే సిద్ధరాములుకు మాత్రం ప్రేమ అనే వినపడేది. ఈ వారమంతా అది కిర్రుమంటుంటే భయపడి మెల్లగా తొక్కాడు, మెల్లగా తొక్కి ఆలస్యమయ్యాడు. షెడ్డు మాలక్ ఇవాళ కేకలు కూడా వేయలేదు. “రేపటి సంది సైరన్‌కు నువ్వు మగ్గాల ముందర లేకుంటే నీ జాగల వేరేటోణ్ణి నిలవెడ్త,” అని నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదికే సిద్ధరాములుకు చెమట పట్టింది. మోకాళ్లు లేని నేతగాడికి కొత్తగా పని ఇచ్చే షెడ్డు సోలాపూర్‌లో ఇంకోటి లేదు. కొత్త సైకిలు మాట ఎత్తితే ఇంట్లో పొయ్యి ఎత్తేయాలి.

“ఈ పట్టీ ఏంది మామా? సైకిల్‌కు దిష్టి తాయెత్తా?” వినాయక్ పెడళ్ల దగ్గర గొట్టాన్ని వేలితో కొట్టాడు. అక్కడ జానెడు మేర ఎర్రాపచ్చా నూలు, చద్దరు అంచులా, ముచ్చటగా చుట్టి ఉంది.

“సన్న బీట. ఎండకాలంల పడ్డది. కట్టిన.”

“దేనితోని?”

“నూలుతోని. గంజిల ముంచి.”

వినాయక్ తలెత్తి చూశాడు. సిద్ధరాములు వెంట వచ్చిన భార్య అంజమ్మ కూడా చూసింది. ఈ ముచ్చట ఆమెకు ఇప్పుడే తెలిసింది. రంగుల దారం చూసి, ముసలోడికి షోకు పెరిగిందనుకుని ఇన్నాళ్లూ మురిసింది.

ఏం చేస్తాడు మరి? పుట్టినప్పటి నుంచి చేతికి తెలిసిన వైద్యం ఒక్కటే. తెగిన పోగును గంజి తడితో మెలిపెట్టి అతికితే మగ్గం మళ్లీ నడుస్తుంది. కొడవలి పిడి వదులైనా, గొడుగు కాడ విరిగినా అదే మందు. దారమే ఆధారం. వానాకాలం వచ్చి పట్టీ నానితే దాన్ని విప్పలేదు, పైన ఇంకో పొర చుట్టాడు. అది నానితే మరో పొర. గట్టిగా ఉందని మీటి చూసుకుని సంతోషపడ్డాడు కూడా.

“విప్పురి,” అన్నాడు వినాయక్.

అంజమ్మ బొడ్లోంచి బీడీ ఆకులు కోసే కత్తెర తీసింది. ఒక్కో పొర కోస్తుంటే పుల్లటి వాసన కొట్టింది. చివరి పొర కింద ఉక్కు లేదు, ఎర్రటి ముద్ద ఉంది. తుప్పుతో పాటు తప్పూ బయటపడింది. వినాయక్ స్క్రూడ్రైవర్ ఆనిస్తే అప్పడంలో దిగినట్టు దిగింది.

“పట్టీ గంజి నీళ్లు తాగి ఇనుమును తిన్నది మామా. అప్పుడే తెస్తే ఇత్తడి పోసి అతుకుతుంటి. ఇప్పుడు దేన్కి అతుకాలె? గాలికా?”

పోగులు చుట్టి పోగొట్టుకున్నాడన్నమాట. సిద్ధరాములు దుకాణం అరుగు పట్టుకుని కూలబడ్డాడు.

“లోపల కడ్డీ వెట్టి అతుకు బేటా. నీ కాల్మొక్త.”

“అట్లనకు. పెట్టొచ్చు, కానీ చుట్టుపక్కల ఉక్కు గూడ పల్చవడ్డది. నూక్కుంట పోవచ్చు, ఎక్కద్దు. చౌక్‌ల ట్రక్కు ముందర ఇరిగిందనుకో? ఎక్కనని జబాన్ ఇస్తేనే అతుకుత.”

“ఇచ్చిన.”

మరీ గబుక్కున ఇచ్చాడు. ఇచ్చిన మాట తడి నాలిక మీద ఇంకా ఆరలేదు, వినాయక్ గ్యాసు ముట్టించాడు. నీలం మంట బుస్సుమంది.

“వినాయక్, క్యారేజీ గూడ గట్టిగ బిగియ్యి,” అంది అంజమ్మ.

“ఎందుకత్తా?”

“రేపొద్దుగాల ఈయన ఎక్కుతడు. ఎన్క నేను గూసుంట.”

“నీకేం పనే పొద్దుగాల?” సిద్ధరాములు గొంతు పెంచాడు. “బీడీలు ఇచ్చొచ్చేది పగటాల గద!”

“నీ ఎంట షెడ్డుకొస్త. ఇరిగితే ఇద్దరం పడ్తం. ఎవడు ఉరికొచ్చి ఏం చెప్తడో అని నేనొక్కదాన్ని బీడీలు చుట్టుకుంట గూసోవాల్నా?”

“మరి ఎట్ల పోవాలె నేను? పాక్కుంట పోవాల్నా? చెప్పు!”

“నాకేం తెల్సు? తెలిస్తే చెప్పకపోదునా?”

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనను చంపింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టి, అతికించుకుని, ఎక్కి వెళ్లేవాడు. ఆమె కత్తెరను కొంగుతో తుడుస్తూ ఉంది. కింద ఎర్రాపచ్చా పోగులు కుప్పపడి ఉన్నాయి. వినాయక్ మంట పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“గ్యాస్ బంద్ చెయ్యి, బేటా.”

మంట టప్పున ఆరింది.

“తుక్కుల ఇస్తవా మామా?”

“ఇయ్య.”

చక్రాలు దుకాణంలోనే వదిలేశారు. ఫ్రేముకు ముందు అంజమ్మ, వెనక సిద్ధరాములు. అలా మోసుకుపోతుంటే పాన్ డబ్బా దగ్గర ఎవడో అరిచాడు. “ఏం మామా, సైకిల్‌కు అంత్యక్రియలా?”

“ఔ, దినాలకు పిలుస్త. ఆకలితోని రా!” అని సిద్ధరాములు అంతకంటే గట్టిగా అరిచాడు. చౌక్‌లో నలుగురు నవ్వారు. మలుపు తిరగగానే కుడి మోకాలు మడతపడింది. ఎవరింటి అరుగు మీదో చతికిలపడ్డాడు. సందుల్లోంచి మగ్గాల మోత వస్తోంది. ఇల్లు కనుచూపు మేరలోనే ఉంది. షెడ్డేమో వాళ్ల వెనకవైపు, ఊరికి ఆ చివర ఉంది.

“ఇంటికే ఇట్లైతే షెడ్డుకు ఎట్లనే?” అన్నాడు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. “ఒక పని చేద్దాం. ఇప్పుడే బయలెల్లుదాం. కూసుంట లేసుకుంట పోతే రేపు సైరన్‌కు అందుకుంటమేమో!”

తన జోకుకు తానే పగలబడ్డాడు. అంజమ్మ నవ్వలేదు. ఫ్రేమును ఆ ఇంటి గోడకు జారగిల్లేసింది, కత్తెరను బొడ్లో దోపుకుంది. షెడ్డు వైపు తిరిగి, తన భుజం ఆయన చేతికి అందేలా వంగింది.

“లే మరి,” అంది.

సిద్ధరాములు నవ్వు ఆగిపోయింది.