తుడిచిన గోడ

తడిగుడ్డ పిండుకుని పనామె వెనకగది గోడ ముందు గొంతుక్కూర్చుంది. రాత్రికి రాత్రి చార మళ్ళీ లేచింది. నేల మూల నుంచి మొదలై, పెన్సిలు లావు మట్టి గీత ఒకటి తలుపు చట్రం పక్కనే బెత్తెడు పైకి పాకింది. నిన్న పొద్దున తుడిచి వెళ్ళినప్పుడు అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. గోటితో గీకితే మట్టి పెళ్ళలా ఊడింది. లోపల నూకల్లాంటి తెల్లటి పురుగులు వెలుగు తగిలి అటూ ఇటూ పరుగెత్తాయి.

"మీకూ సెలవు లేదు, నాకూ లేదు," అని ఆమె గుడ్డ అదిమి ఒక్క లాగు లాగింది.

"గొణుగుడు తర్వాత. మరక కనిపించిందంటే ఊరుకోను," అంది వెనకనుంచి ఇంటామె. ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ రాక అడుగుల చప్పుడుతో కాక తప్పు పట్టే గొంతుతోనే తెలుస్తుంది. "పదింటికి ఈ గది చూడ్డానికి అద్దెవాళ్ళొస్తున్నారు."

"మరక కాదమ్మగారూ, చెదలు."

"ఆ మాట నా ఇంట్లో ఎత్తొద్దన్నానా? తుడిస్తే పోయేదానికి పేరెందుకు?"

ఇరవై ఆరేళ్ళప్పుడు, మొగుడు పోయిన నెలకి, ఆమె ఈ ఇంట్లో పనికి చేరింది. అప్పుడు నాలుగిళ్ళు చేసేది. మోకాళ్ళు అరిగాక ఒక్కొక్కటే వదిలేసి ఈ ఒక్కటే మిగుల్చుకుంది. ఇంటి దగ్గర మంచం పట్టిన అత్త ఉంది. ఆవిడకి కాళ్ళు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు. ఇక్కడ ఇంటామె, అక్కడ అత్త. తిట్లకి మాత్రం ఆమె బతుకులో కొరత రాలేదు. వంచిన నడుము ఎత్తకుండా, ఎదురు మాట లేకుండా రెండు చోట్లా నెట్టుకొస్తోంది. ఇది పోతే కుంటుకుంటూ వచ్చే పనిమనిషిని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరని ఆమెకి తెలుసు.

చెదల సంగతి ఆమెకి చెప్పింది మందు కొట్టేవాడు. రెండేళ్ళ కిందట ఇంటాయన పిలిస్తే వచ్చి, గోడవారగా సుత్తి పిడితో టకటకా కొట్టి చూసి, నేలకి రంధ్రాలు వేసి మందు పొయ్యాలన్నాడు. "బంగారంలాంటి నేలకి చిల్లులా!" అని ఇంటామె అతన్ని మందు డబ్బాతో సహా వీధిలోకి సాగనంపింది. పోతూ పోతూ అతను అరుగు కడుగుతున్న పనామె దగ్గర ఆగి నాలుగు ముక్కలు చెప్పాడు. వాన వెలిశాక దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదలేనట. తెల్లారి కిటికీ గట్టు మీద ఉత్త రెక్కలు కుప్పగా పడి ఉంటే గూడు దగ్గర్లోనే ఉన్నట్టు. వానాకాలం కాకపోయినా తలుపు బిగుసుకుపోతే, రంగు బుడగలా ఉబ్బితే, కర్రని కొడితే డొల్లగా మోగితే లోపల తినేసినట్టు. చార కొంచెం తెంపి మర్నాడు చూడమన్నాడు. అతుక్కుని ఉంటే అవి బతికే ఉన్నాయి.

ఆమె ఆ రెక్కలు చేటతో ఎత్తి పారబోసింది. బిగుసుకున్న తలుపుని భుజంతో నెట్టింది. బూజు దులుపుతుంటే దూలం డొల్లగా మోగడం వింది. చారనైతే రోజూ తుడిచింది. ఇంతకు ముందు ఈ గదిలో అద్దెకున్న టీచరమ్మ గోడ అంత తెల్లగా ఉండడం చూసే పుస్తకాల బీరువా దానికి ఆనించింది. ఏడాది తిరిగేసరికి బీరువాకి వెనక చెక్క లేదు, పుస్తకాలకి అట్టలు తప్ప లోపల కాగితాల్లేవు. చెదల్ని ఆ బీరువాతోనే తెచ్చి తన ఇంటికి అంటించిందని ఇంటామె ఎదురు కేకలేసింది. టీచరమ్మ ఏడుస్తూ వెళ్ళిపోయింది. పనామె పక్కనే ఉంది, నోరు విప్పలేదు. అందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం.

పదింటికి మొగుడూ పెళ్ళాం వచ్చారు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, నడుం మీద చెయ్యి ఆనించి నడుస్తోంది. గది నచ్చింది. గోడని అరచేత్తో తడిమి, "ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అని మెచ్చుకుంది. తర్వాత పైకి చూసింది. నడిమి దూలానికి ఇనప కొక్కెం ఉంది.

"దీనికి ఉయ్యాల కట్టుకోవచ్చాండీ?"

"నిక్షేపంలా! ఏనుగుని కట్టినా మోస్తుంది," అంది ఇంటామె.

గుమ్మంలో నిలబడ్డ పనామె చేతిలో బకెట్టు కింద పెట్టింది. బీరువా వేరు, ఇది వేరు.

"కట్టకమ్మా," అంది.

ఇంటామె చురచురా చూసింది. "నువ్వెళ్ళి అంట్లు చూసుకో."

ఆమె వెళ్ళింది. అంట్ల దగ్గరికి కాదు. పెరట్లోంచి బూజు కర్ర తెచ్చి, కుచ్చు కిందికి తిప్పి, మొండి కొనతో కొక్కెం పక్కన దూలాన్ని బలంగా పొడిచింది. చప్పుడు కాలేదు. కర్ర జానెడు లోపలికి దిగిపోయింది. రంగు పెచ్చులు, మట్టి, తెల్లటి పురుగులు జలజలా నేల మీద రాలాయి. అమ్మాయి కడుపు పట్టుకుని వెనక్కి తగ్గింది. పనామె చేతులు వదిలేసినా కర్ర ఊడి రాలేదు.

"ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నావా నువ్వు?" అని అమ్మాయి మొగుడు పనామె మీదే విరుచుకుపడ్డాడు. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఇంటామె పనామె వైపు తిరిగింది. "నమ్మి ఇల్లప్పజెబితే తడిగుడ్డతో గొంతు కోశావు కదే!"

"కోశానమ్మగారూ. మీది కాదు, టీచరమ్మది. మీరు చూస్తుండగానే."

"పో. రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కకు."

ఆమె మిగిలిన అంట్లు తోమి బోర్లించింది. మోచేతుల దాకా కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, పెరటి తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి అత్తకి ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. అయినా నడక ఆపలేదు.

ఇంటామె కుర్చీ ఎక్కి కర్రని దూలం దగ్గరగా పట్టుకుంది. లాగబోతే పైన ఎక్కడో కిర్రుమంది. వదిలేసి, గబగబా దిగి, గది బయట నిలబడింది. దూలం నుంచి వేలాడుతున్న కర్ర కాసేపు ఊగి ఆగింది, దాని కుచ్చు నిండా సన్నగా మట్టి రాలుతూనే ఉంది.