ఆదివారం ఆరేసిన దుప్పట్లు

మేజర్ పిల్‌బ్రో రాసిన ప్రసంగం రెండోసారి చదివి హెర్తా తల పట్టుకుంది.

జర్మనీలోనే ఎక్కడో దాక్కుని మాట్లాడుతున్నట్టు వినిపించే రేడియో వాళ్లది; యుద్ధంలో ఉన్న జర్మన్లకు తమను ఏలే పార్టీ మీదే ఒళ్లు మండించడం దాని పని. మాట్లాడేది మాత్రం ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పక్కనున్న ఈ పాత బంగళాలోంచి. ఈసారి కాసెల్ ఊరి ఇల్లాలు ఒకావిడ తన గోడు చెప్పుకుంటుంది. "ఆదివారం పొద్దున పెరట్లో బట్టలారేస్తున్నాను. పక్కింటి పార్టీ నాయకుడి పెళ్లాం వెన్న డబ్బాలు దింపించుకుంటోంది. మా పిల్లలకు వట్టి రొట్టె!"

హెర్తా పుట్టి పెరిగింది కాసెల్‌లోనే. యూదురాలని తరిమేస్తే ఇంగ్లండు వచ్చి, ఒక లాడ్జిలో నాలుగేళ్లు నేల తుడిచింది. ఈ ఉద్యోగం దొరికి మూడు నెలలు.

"నోరు మూసుకుని టైపు చెయ్యి తల్లీ," అంది పక్క బల్ల దగ్గర డోరీన్. "రేపు లండన్ ఆఫీసు వాళ్లొచ్చి నిన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారు. ఇప్పుడు ఆయనతో పెట్టుకున్నావో, మళ్లీ చీపురూ బకెట్టూ!"

హెర్తా అయినా లేచి వెళ్లింది.

"మేజర్ గారూ, ఆదివారం మా ఊళ్లో ఎవరూ బట్టలారెయ్యరండీ."

"ఏం, వానా?"

"పరువు తక్కువండీ. వీధి వీధంతా కిటికీల్లోంచి చూస్తుంది."

"మా అమ్మ కూడా ఆరెయ్యదు," అని డోరీన్ గొణిగింది.

మేజర్‌కి అది కొత్త సంగతి. ఆయన బట్టలు మడతలతో సహా లాండ్రీ నుంచి వస్తాయి.

"ముగ్గురు ప్రొఫెసర్లు చూసి బ్రహ్మాండం అన్నారమ్మా."

"ఆ ముగ్గురిలో బట్టలుతికినవాళ్లు ఎవరండీ?"

మేజర్ చాలాసేపు పైపు వెలిగించుకున్నాడు. చివరికి, "సరే, ఖైదీలకు వినిపిద్దాం," అన్నాడు.

బంగళాలో ముగ్గురు జర్మన్ యుద్ధఖైదీలున్నారు. వాళ్ల దేశపు రేడియోలో దొరికిన ప్రసంగమని చెప్పి రికార్డు పెట్టారు. సగంలోనే సార్జెంట్ బ్రెమ్కె బల్ల గుద్దాడు.

"సిగ్గులేని మనిషి!"

"చూశారా, వెన్న దెబ్బ!" అని మేజర్ హెర్తా చెవిలో మురిసిపోయాడు.

"ఆదివారం బట్టలారేస్తుందా? పైగా దీనికి వెన్న కూడానా?" అన్నాడు బ్రెమ్కె.

"పాపం ఆ పార్టీ ఆవిడ," అన్నాడు రెండోవాడు, "ఎలాంటిదాని పక్కన కాపురముందో!"

మేజర్ మొహం వాడిపోయింది. "ఆదివారం కొట్టేసి మంగళవారం పెట్టండి," అన్నాడు.

ఆ మాట వింటే ఉద్యోగం దక్కుతుంది. హెర్తాకు అదీ తెలుసు. కానీ మనసొప్పలేదు.

"ఆదివారం ఉండనివ్వండి. ఆరేసే మనిషిని మారుద్దాం."

గంటలో తిరగరాసింది. మర్నాడు లండన్ నుంచి వచ్చిన ఇద్దరూ ఖైదీల వెనకాలే కూర్చుని విన్నారు. ఈసారి ప్రసంగంలో చర్చి గంటలు మోగుతుండగా పార్టీ నాయకుడి పెళ్లాం పనిమనిషి చేత పన్నెండు తెల్లని దుప్పట్లు వీధివైపే ఆరేయించింది. వెన్న ఊసు వచ్చేలోపే బ్రెమ్కె లేచి నిలబడ్డాడు.

"గంటలు మోగుతుంటేనా! దీని మొగుడా మాకు క్రమశిక్షణ నేర్పేది?"

"ఈ రేషన్లో అంత సబ్బు ఎక్కడిదంట?" అన్నాడు రెండోవాడు.

నిన్నంతా నోరు విప్పని మూడోవాడు, "ఏ వీధో చెప్పారా? మా అమ్మకు రాస్తాను," అన్నాడు.

ఖైదీలను పంపేశాక లండన్ పెద్దాయన, "ఇది రాసిందెవరు?" అని అడిగాడు.

మేజర్ హెర్తాను చూశాడు, తన టీ కప్పును చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"దుప్పట్లు ఈవిడవండీ. వెన్న మాత్రం నాది."

"వెన్న తీసెయ్యండి. ఈవిడను ఉంచండి."

భోజనాలయ్యాక మేజర్ కొత్త కాగితాలతో హెర్తా బల్ల దగ్గరికొచ్చాడు.

"ముందు ఇది చెప్పండి. మీవాళ్లు బంగాళాదుంపలు తొక్క తీసి ఉడకబెడతారా, ఉడకబెట్టి తీస్తారా?"

హెర్తా ఆయనకు కుర్చీ చూపించింది. నిలబెట్టి చెప్పే సంగతి కాదది.